దరువు వినబడుతోంది, తెలుగు వినబడటం లేదు



ఉగాదికి మళ్ళీ డీజే పెట్టాలని కార్యవర్గం తీర్మానం చేసిందని తెలిసింది. మేము దానికి ఒప్పుకోం. ఎందుకో రాస్తున్నాం, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి. మేము అంటే ఇంట్లో ఇద్దరమూ. ఒకరు రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైనవారు, ఇంకొకరు ఇల్లు నడుపుతూ ఇంకా రిటైరు కానివారు.

ఈమధ్య మా ఇంటికి ఒక జత స్టీరియో స్పీకర్లు వచ్చాయి. కంపెనీ పేరు రాయం, ప్రకటన అనుకుంటారు. పుస్తకాల అరలో పట్టే పెట్టెలు. కింద అయిదంగుళాల కోను, పైన రూపాయి బిళ్ళంత చిన్న డోము. యాంప్లిఫయరుతో కలిపి అయిన ఖర్చు, పోయిన ఉగాదికి సంఘం డీజేకిచ్చిన ఒక్క రాత్రి అద్దెకంటే తక్కువ. లెక్కల పుస్తకం తీసి చూసుకోవచ్చు.

మొదటి రోజు నిరాశే. గోడకు ఆనించి పెట్టాం, మృదంగం నీళ్ళ డ్రమ్ము మీద కొట్టినట్టు మోగింది. మర్నాడు గోడకు మూరెడు ముందుకు జరిపి, డోము మా చెవి ఎత్తుకు వచ్చేలా స్టూళ్ళ మీద పెట్టి, పెట్టెల మధ్య ఎంత దూరముందో అంతే దూరంలో కూర్చున్నాం. ఘంటసాల పాడిన పుష్పవిలాపం పద్యాలు పెట్టాం. పాత మోనో రికార్డింగు, రెండు పెట్టెల్లోంచీ ఒకటే శబ్దం. కానీ గొంతు ఏ పెట్టెలోంచీ రాలేదు. రెంటికీ నడుమ, ఖాళీ గోడ దగ్గర, మనిషి నిలబడి పాడుతున్నట్టు వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కరుణశ్రీ గారి పద్యాల్లో ఒక్క ఒత్తు కూడా జారిపోలేదు. తరువాత మాయాబజార్ పెట్టాం. 1957 నాటి సినిమా, అదీ మోనోయే. మాధవపెద్ది సత్యం గొంతులో నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలిసింది.

లోపాలు లేవని కాదు. తొప్పి వైపు గుమికి బరువు చాలదు. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన పాటలు ఇందులో మరీ పేలగా ఉన్నాయి. రికార్డు గరగర కూడా దాచకుండా వినిపిస్తుంది. అయినా మాట స్పష్టంగా ఉంది. మాకు అదే ముఖ్యం.

ఎందుకు ముఖ్యమో చెప్తాం. మేమిద్దరం తమిళ మీడియంలో చదువుకున్నాం. తెలుగు మాకు బడిలో లేదు, ఇంట్లోనూ రేడియోలోనూ ఉండేది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. కథ అన్నా, భీముడి గద అన్నా అక్కడ ఒకేలా రాస్తారు. ఆ తేడా మేము పుస్తకంలో నేర్చుకోలేదు, ఘంటసాల గొంతులో నేర్చుకున్నాం.

బరంపురం పిల్లల ఇబ్బంది వేరు. ఒడియా లిపిలో ఒత్తక్షరాలన్నీ ఉన్నాయి. కానీ ఒడియా పలుకుబడిలో శ, ష, స మూడూ ‘స’ అయిపోతాయి. ఇకారానికీ ఈకారానికీ, ఉకారానికీ ఊకారానికీ తేడా రాతలో ఉంటుంది, నోట్లో ఉండదు. అందుకే మన పిల్లలు శివుణ్ణి సివుడంటారు. నెమలి పురికీ, ప్లేట్లో పూరికీ తేడా ఉండదు. ఒడియాను తప్పు పట్టడం లేదు, వాళ్ళ భాష తీరు వాళ్ళది. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కొత్త ఒరిస్సా ప్రావిన్సులోకి వచ్చింది. ఇక్కడ చాలా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు, చదవలేరు. అలాంటి ఇంటి పిల్లవాడికి తెలుగు అంటే చెవిలో పడేదే. చెవిలో పాడు శబ్దం పోస్తే వాడికొచ్చే తెలుగూ అదే.

ఇందులో కిటుకేమీ లేదు. శ, ష, స ల తేడా సన్నని ధ్వనుల్లో ఉంటుంది, ఆ చిన్న డోము పలికించేవి అవే. డీజే పెట్టెల బలమంతా కింది దరువులో ఉంటుంది, అది సన్నని వాటిని మింగేస్తుంది. ఇక ద్విత్వం. ‘అక్క’ అన్నప్పుడు మధ్యలో నోట్లో గాలి ఒక్క క్షణం ఆగిపోతుంది, ఆ కాస్త నిశ్శబ్దమే ద్విత్వం. రేకుల కప్పు, సిమెంటు నేల ఉన్న మన హాల్లో ప్రతిధ్వని వచ్చి ఆ ఖాళీని నింపేస్తుంది. రేకుల షెడ్డు కింద ప్లాట్‌ఫారం మైకు సంగతి రైల్వేవాళ్ళకి చెప్పక్కర్లేదు. శబ్దం పెంచినకొద్దీ జనం కిటికీ దగ్గరకొచ్చి “ఏం చెప్పారు బాబూ?” అని అడుగుతారు.

కార్యవర్గం వారి వాదన ఒకటుంది. మనం ఇక్కడ తక్కువమందిమి, మన ఉనికి ఊరికి వినబడాలి అని. మాకూ ఉంది ఆ కోరిక. కానీ రోడ్డు మీద నిలబడి విన్నారా ఎప్పుడైనా? మన హాలు గోడ దాటి వచ్చేది దబ్ దబ్ మాత్రమే. అది తెలుగు పాటో, ఒడియా పాటో, భోజ్‌పురి పాటో చెప్పగలిగినవాడికి మేము సన్మానం చేస్తాం. ఠాకురాణి యాత్రలో డప్పు మోగితే అది ఏ పండగో ఊరంతటికీ తెలుస్తుంది. అద్దె డీజే ఎవరి సొత్తూ కాదు.

పిల్లలు రారంటారు. పోయిన ఉగాదికి వచ్చారు, నిజమే, గెంతారు, వెళ్ళారు. అదే వేదిక మీద ఒక చిన్నపాప శతక పద్యం చెప్తుంటే వెనక దరువు పరీక్షిస్తున్నారు. ఆ పద్యం వాళ్ళమ్మకు కూడా వినబడలేదు. పంచాంగ శ్రవణం అని పేరు పెట్టుకుని శ్రవణమే లేకుండా చేస్తే ఎలా? చట్టం సంగతి కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కూడదు.

మా ఇంటి పెట్టెలు హాలుకు చాలవు, తెలుసు. మేము అడిగేది ఇది: డీజే అద్దె డబ్బుతో పక్క గదికి ఒక మంచి జత కొనండి. నెలకో ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టి వినిపిద్దాం. ఘంటసాల చదువుకున్న సంగీత కళాశాల, సుశీలమ్మ పుట్టిన ఊరు, రెండూ విజయనగరంలోనే. మన లైన్లోనే ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం రోడ్డు దాటితే వచ్చే స్టేషను. ఆ గొంతులు మన పిల్లలకు పరాయివి కావడానికి కారణం దూరం కాదు. ఉగాది రోజున హాల్లో వేదిక పక్కన రెండు కొండలు పేర్చే బదులు, మాటకు పనికొచ్చే చిన్న స్పీకర్లు వరసల పొడుగునా చెవి ఎత్తులో పెట్టి, శబ్దం తగ్గించి పద్యాలు వినిపించండి.

తీర్మానాన్ని సర్వసభ్య సమావేశం ముందుకు తేవాలని సెక్రటరీ గారికి ఉత్తరం కూడా ఇస్తున్నాం. ఈలోగా వచ్చే రెండు ఆదివారాలు సాయంత్రం 5 గంటలకు మా ఇంట్లో పెట్టెలు పాడతాయి. కార్యవర్గం వారు తప్పక రావాలి, పిల్లల్ని తీసుకురండి. నడిమధ్యన సరిగ్గా వినబడే కుర్చీలు రెండే, ముందొచ్చినవారికి.