పరదేశములో బక్షీసు, బేరము

ఉప్పుగూడలోని మన యిండ్లనుండి విదేశయాత్ర చేయుట యిప్పుడు వింత కాదు. ఒకరి కుమార్తె డల్లాసులో నుండును. ఒకరి యల్లుడు దుబాయిలో నుండును. వారిని చూడబోవు తలిదండ్రులు పచ్చళ్లు, మందులు, చీరలు జాగ్రత్తగా సర్దుకొందురు గాని, అచ్చటి పనివారికి ఏమియ్యవలెనో, అంగడిలో ఎట్లు కొనవలెనో ఎవరినడిగియు తెలిసికొనరు. ఇది అల్పవిషయమని తలచుట పొరపాటని నా యభిప్రాయము.

ముందుగా నా తప్పునే చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట డల్లాసులోని చెల్లెలి యింటికి పోయినప్పుడు, ఒక భోజనశాలలో బిల్లు నేనే చెల్లించెదనని పట్టుబట్టి, బక్షీసు వ్రాయవలసిన చోట సున్న చుట్టితిని. అడిగిన సొమ్మంతయు ఇచ్చితిని గదా యని నా ధీమా. వెలుపలికి వచ్చిన పిమ్మట మేనకోడలు, "మామయ్యా, వడ్డించిన యామెకు యజమాని గంటకు రెండు డాలర్లకు మించి యియ్యడేమో! మిగిలినది మనమిచ్చునదే" యని మెల్లగా చెప్పెను.

ఆ మాట నిజము. అమెరికా కేంద్రచట్టము ప్రకారము సాధారణ కనీసవేతనము గంటకు 7.25 డాలర్లు. బక్షీసు పుచ్చుకొను పనివారికి మాత్రము యజమాని 2.13 డాలర్లిచ్చిన చాలును. బక్షీసుతో కూడ 7.25 కాకున్ననే తక్కువ పడినది అతడు పూరింపవలెను. ఈ 2.13 అను అంకె 1991 నుండి మారలేదు. కొన్ని రాష్ట్రములు ఎక్కువ నిర్ణయించినవి గాని టెక్సాసు నిర్ణయింపలేదు. కాబట్టి అచ్చట నూటికి 15 మొదలు 20 వరకు ఇచ్చు బక్షీసు దానము కాదు, కూలిలో భాగము. నేను వెనుకకు పోయి యిచ్చితిని. ఆమె నవ్వుచు పుచ్చుకొనెను. నాకు సిగ్గు తీరలేదు.

జపానులో నిందుకు విరుద్ధము. అచ్చట బక్షీసు వాడుక లేదు. బల్లమీద విడిచిన నాణెములను మరచితిరేమోయని వెంటవచ్చి తిరిగి యిచ్చుటయు గలదు. ఫ్రాన్సులో సేవారుసుము భోజనపు ధరలోనే చేరియుండును. మన దేశమున భోజనశాలలు సేవారుసుమును తమంతట తామే బిల్లులో చేర్చరాదని 2022లో వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ నిర్దేశింపగా, 2025లో ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించెను. "ఏ యెండకా గొడుగు" అను సామెతను మనము నిందగా వాడుదుము గాని, ప్రయాణికున కది సద్బుద్ధియే.

కొనుగోలునందును అంతియే. అమెరికా అంగళ్లలో సాధారణముగా చీటీపై ధరకు పన్ను తరువాత చేరును; మన సరకులపై ముద్రించిన గరిష్ఠధరలో పన్ను చేరియే యుండును. దుబాయి బంగారు బజారులో బంగారము వెల ఆనాటి ధరనుబట్టి యుండును, బేరమాడదగినది మజూరీ.

ఇక నొక మాట. విదేశపు పెద్ద అంగడిలో అడిగినంత యిచ్చి మారుమాటాడని మనమే, చార్మినారు చెంత లాడ్‌బజారులో గాజులవానితో పది రూపాయలకై అరగంట వాదింతుము. ఆ లక్కను నిప్పులపై మెత్తజేసి, గాజుగా వంచి, అద్దపు తునకలను ఒక్కొక్కటిగా అతికించిన చేతుల కూలి ఆ పది రూపాయలలోనే యున్నది. ధర నిర్ణయము కానిచోట బేరము తప్పు కాదు. చేసినవాని కూలిని కోయు బేరము తప్పు.

విద్యార్థులారా, పెద్దలతో ప్రయాణమగునప్పుడు ఈ మూడు ప్రశ్నలు వ్రాసికొని పొండు: ఇచ్చటి పనివారి కూలి ఎవరిచ్చుచున్నారు? చీటీ ధరలో పన్ను చేరినదా? ఇచ్చట బేరము వాడుకయేనా? అడిగి తెలిసికొనుట నామోషీ కాదు. అడుగక పోయి నేను పడిన సిగ్గు మీకు వలదు.