2029 సంగతి చెప్పండి, కిమ్ ఆంగ్ గారూ

గౌరవనీయులైన కిమ్ ఆంగ్ గారికి,
కమిషనర్, అథ్లెట్స్ అన్‌లిమిటెడ్ సాఫ్ట్‌బాల్ లీగ్

2025 వేసవిలో మీ లీగ్ నాలుగు జట్లతో, ఊరూరా తిరుగుతూ మొదలైంది. టస్కలూసాలో టాలన్స్ జట్టు తొలి విజేతగా నిలిచింది. 2026కి జట్లు ఆరయ్యాయి, ఒక్కోదానికీ సొంత ఊరు దొరికింది. వోల్ట్స్ జట్టు మా టెక్సస్‌కే వచ్చింది. వెనక మేజర్ లీగ్ బేస్‌బాల్ పెట్టుబడి ఉంది. సంతోషమే.

అయితే ఇలాంటి ఆరంభాలు ఈ ఆట ముందూ చూసింది. 1976లో బిల్లీ జీన్ కింగ్, జోన్ జాయిస్ వంటివారు పది జట్లతో పెట్టిన లీగ్ నాలుగు సీజన్లకే మూతపడింది. 2004లో మొదలైన నేషనల్ ప్రో ఫాస్ట్‌పిచ్ లీగ్ కోవిడ్ ఏళ్లలో ఆటలు రద్దు చేసుకుని, 2021లో చేతులెత్తేసింది.

ఆట చూసేవాళ్లు లేరనుకుందామా? ఓక్లహోమా సిటీలో కాలేజీ ఫైనల్స్‌కు గ్యాలరీలు నిండిపోతాయి. చిక్కంతా అక్కడ ఆడే అమ్మాయిలు పట్టా పుచ్చుకున్నాకే. 2016లో సాఫ్ట్‌బాల్ పిచ్చర్ మోనికా అబాట్ ఆరేళ్లకు 10 లక్షల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంటే అందరూ అబ్బురపడ్డారు. నిజానికి అందులో ఖాయమైన జీతం కొంతే. పెద్ద భాగం ప్రేక్షకుల రాకతో ముడిపెట్టిన బోనస్. అదే అబాట్‌కు జపాన్‌లో టొయోటా జట్టు ఏళ్ల తరబడి స్థిరమైన కొలువిచ్చింది. అక్కడ జట్లను కంపెనీలు పోషిస్తాయి, కాబట్టి టికెట్లు అమ్ముడుపోని నాడు క్రీడాకారిణి జీతం ఆగదు.

2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు సాఫ్ట్‌బాల్ తిరిగొస్తోంది. ఆ ఏడు టీవీలు, స్పాన్సర్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. కానీ ఈ ఆటకు ఒలింపిక్స్ చుట్టపుచూపే: 2008 తర్వాత తీసేశారు, టోక్యోకు తెచ్చారు, పారిస్‌కు వదిలేశారు. దాన్ని నమ్ముకుని బడ్జెట్ రాసుకుంటే మళ్లీ పాత కథే.

అందుకే రెండు కోరికలు. మేజర్ లీగ్ బేస్‌బాల్ తన పెట్టుబడికి ఎన్నేళ్లు కట్టుబడిందో బహిరంగంగా చెప్పండి. గ్యాలరీ నిండినా నిండకపోయినా అందే కనీస వేతనం ఎంతో ప్రకటించండి. మయామీ మార్లిన్స్ జనరల్ మేనేజర్‌గా ఒప్పందాలు రాసిన మీకు ఖాయమైన జీతం విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు. మీ పురోగతిని 2028 టికెట్లతో కాదు, 2029లో ఎంతమంది క్రీడాకారిణులు మరో ఉద్యోగం వెతుక్కోకుండా మైదానంలో ఉన్నారన్న లెక్కతో కొలుస్తాం.

ఇట్లు,
టెక్సస్‌లోని ఒక తెలుగు సాఫ్ట్‌బాల్ అభిమాని