ఇంట్లో తుపాకి, బీమా పత్రంలో నిజం

కడప నుండి, గుంటూరు నుండి, హైదరాబాదు నుండి వెళ్ళి అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు అక్కడ ఇల్లు కొన్నప్పుడు ఇంటి బీమా తప్పనిసరిగా తీసుకోవలసి వస్తున్నది. అది లేనిదే అప్పు ఇచ్చేవారు అంగీకరించరు. బీమా ధర్మసమ్మతమా, కాదా అనే చర్చ వేరు. దానిని ఈ నెల మేము స్పృశించబోము. ఒప్పందంలో ప్రవేశించిన పిదప అందులో సత్యం పలకడం, దాని షరతులను చదివి తెలుసుకోవడం మాత్రం అందరి బాధ్యత. ఇంట్లో తుపాకి ఉన్నవారికి ఈ బాధ్యత మరింత బరువైనది.

మన దేశంలో తుపాకి ఉంచుకోవడానికి 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. అమెరికాలో అనేక రాష్ట్రాలలో అది దుకాణంలో సులభంగా దొరికే వస్తువు. అయినా అందరికీ అనుమతి లేదు. విద్యార్థి వీసా, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకిని గాని, తూటాలను గాని కలిగి ఉండడాన్ని అక్కడి కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తున్నది. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు వంటివి కొన్ని మాత్రమే ఉన్నాయి. గ్రీన్ కార్డు పొందినవారికి వీసాకు సంబంధించిన ఈ నిషేధం లేదు. కనుక బీమా సంగతి తర్వాత, ముందుగా చూసుకోవలసినది ఇదే.

ఇక వెల్లడి విషయం. 1766లో ఇంగ్లాండులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అనే న్యాయమూర్తి సుమత్రా దీవిలోని ఒక కోటకు సంబంధించిన బీమా వివాదంలో తీర్పు ఇస్తూ, బీమా తీసుకొనేవాడు తనకు మాత్రమే తెలిసిన ముఖ్య విషయాన్ని దాచరాదని చెప్పాడు. బీమా ఇచ్చేవాడు స్వయంగా తెలుసుకోవలసిన విషయాలను తనకు చెప్పలేదని నెపం చూపరాదని కూడా ఆ తీర్పులోనే ఉంది. నేటికీ బీమా న్యాయానికి పునాది ఇదే.

అమెరికాలో ఇంటి బీమా దరఖాస్తులు కుక్క ఉన్నదా, ఈత కొలను ఉన్నదా, ఇంట్లో వ్యాపారం చేస్తున్నారా అని అడుగుతాయి. తుపాకి గురించి చాలా దరఖాస్తులలో ప్రశ్న ఉండదు. అడగని దానికి జవాబు చెప్పకపోవడం మోసం కాదు. కాని అడిగినచోట ‘లేదు’ అని వ్రాయడం అబద్ధమే. ప్రీమియం పెరుగుతుందన్న భయం అందుకు సాకు కాజాలదు. పైగా ఫ్లోరిడా వంటి రాష్ట్రంలో, చట్టబద్ధంగా తుపాకి ఉన్నదన్న కారణంతో బీమా నిరాకరించడం, ప్రీమియం పెంచడం చట్టరీత్యా నిషిద్ధం. ఇంట్లో తుపాకుల మరమ్మతు, అమ్మకం వంటి పని ఏదైనా సాగుతుంటే, అది వ్యాపారం క్రిందికి వస్తుంది గనుక ముందే తెలియజేయాలి. ముఖ్య విషయాన్ని ఉద్దేశపూర్వకంగా దాచినా, వక్రీకరించినా రక్షణ ఉండదనే షరతు పాలసీలలో ఉంటుంది. ఒక్క మాట దాచిన ఫలితంగా, రేపు ఇల్లు అగ్నికి ఆహుతైన నాడు కూడా క్లెయిము చిక్కుల్లో పడవచ్చు.

పాలసీ ఏమి ఇస్తుందో కూడా తెలిసి ఉండాలి. అక్కడ విస్తృతంగా వాడుకలో ఉన్న హెచ్.ఓ.-3 అనే నమూనా పాలసీ 2011 ప్రతిలో, దొంగతనానికి గురైన తుపాకులకు, వాటి సామగ్రికి అన్నింటికీ కలిపి పరిమితి 2,500 డాలర్లు మాత్రమే. మన ఆడపడుచులు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. అదే పాలసీలో నగల దొంగతనానికి పరిమితి 1,500 డాలర్లే! కంపెనీని బట్టి ఈ మొత్తాలు మారుతాయి. ఎక్కువ విలువైన వస్తువును పాలసీలో విడిగా జాబితాలో చేర్పించుకోవచ్చు. అందుకు రశీదు, ఫొటో, సీరియల్ నంబరు, విలువ నిర్ధారణ పత్రం భద్రపరచుకోవాలి. ఉన్న విలువ కంటే పెంచి వ్రాయించడం కూడా దాచడం వంటి మోసమే.

అన్నింటికంటే ముఖ్యమైన విషయం ప్రాణానికి సంబంధించినది. తుపాకి పొరపాటున పేలి ఇంటికి వచ్చిన అతిథి గాయపడితే, పాలసీలోని బాధ్యతా విభాగం సాధారణంగా పరిహారం భరిస్తుంది. కావాలని చేసిన గాయానికి భరించదు. ఆత్మరక్షణకు తగినంత బలం వాడిన సందర్భానికి నమూనా పాలసీలో మినహాయింపు ఉన్నా, అన్ని పాలసీలలో ఉంటుందని అనుకోరాదు. కాలిఫోర్నియాలోని శాన్ హోజే నగరం 2023 జనవరి 1 నుండి తుపాకి యజమానులకు ఇటువంటి బాధ్యతా బీమాను తప్పనిసరి చేసింది.

అయితే ఈ రక్షణ పరాయివారికే. అదే ఇంట్లో నివసించే భార్య, బిడ్డ, బంధువు గాయపడితే బాధ్యతా విభాగం వర్తించదు. ఎందుకంటే వారు కూడా ఆ పాలసీలో బీమా పొందినవారి క్రిందనే లెక్క. తండ్రి దిండు క్రింద ఉంచిన తుపాకి పసివాడి చేతికి చిక్కితే, కంపెనీ నుండి ఒక్క డాలరు రాకపోవచ్చు. వచ్చినా ఆ డాలరుతో ఏమి కొనగలం?

కాబట్టి అసలైన రక్షణ తాళంలో ఉంది. ఆ దేశపు పిల్లల వైద్యుల అకాడమీ సలహా స్పష్టమైనది. పిల్లలున్న ఇంట్లో తుపాకి లేకపోవడమే అన్నింటికంటే క్షేమం. ఉన్నట్లయితే తూటాలు తీసి తాళం వేయాలి. తూటాలను వేరొక చోట, వేరొక తాళం క్రింద ఉంచాలి. ఆ తాళంచెవి, నంబరు పిల్లలకు తెలియరాదు.

ఇక్కడి పెద్దలకు మా మనవి. ఈసారి ఫోనులో మాట్లాడినప్పుడు ఇల్లు ఎంత పెద్దది, ఎన్ని గదులు అని మాత్రమే అడగకండి. “నాయనా, ఇంట్లో తుపాకి ఉన్నదా? ఉంటే తాళం వేశావా? బీమా పత్రంలో అడిగినదానికి నిజం వ్రాశావా?” అని కూడా అడగండి. కుటుంబం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దానిని కాపాడమని గుర్తు చేయడం పెద్దల హక్కు, పెద్దల విధి కూడా.