నాలుగు వందల బంతులు కొట్టాడంట!

పోయిన సోమవారం పొద్దున్నే ఆఫీసు చాట్‌లో మా మదనపల్లె తమ్ముడి మెసేజీ వచ్చింది. (సొంత తమ్ముడు కాదు. మా టీములోకి కొత్తగా వచ్చిన కుర్రాడు. మన పాత చిత్తూరు జిల్లా వాడని తెలిసిన రోజు నుంచి తమ్ముడైపోయాడు.) "అన్నా, శని ఆదివారాలు కలిపి నాలుగు వందల బంతులు కొట్టినా. చేతులు బొబ్బలెక్కినాయ్. నెల తిరిగేలోపల నిన్ను ఓడిస్తా చూడు" అని. దానికి తోడు అరచేతుల ఫోటో ఒకటి, డ్రైవింగ్ రేంజిలో తీయించుకున్న వీడియో ఒకటి. వీడియోలో డ్రైవర్ పట్టుకుని వరసపెట్టి పదకొండు బంతులు బాదాడు. పదకొండూ అరటిపండులా వంపు తిరిగి కుడివైపుకే పోయినాయి. ఆఖరి బంతి కొట్టాక కెమెరా వైపు తిరిగి బొటనవేలు కూడా చూపించాడు!

నవ్వొచ్చింది గానీ పూర్తిగా నవ్వలేకపోయాను. రెండేళ్ళ కిందట ఇట్లాంటి ఫోటోనే నేనూ ఒకరికి పంపి ఉన్నాను. ఆ సరదా నాకు ఆరు వారాల నడుము నొప్పి మిగిల్చింది. అందుకని వాడికి చాట్‌లో రాయాల్సిన జవాబు కాస్త పెద్దదిగా ఇక్కడ రాస్తున్నా. బెంగుళూరులోనో హైదరాబాదులోనో కొత్తగా గోల్ఫ్ మొదలెట్టిన మిగతా సాఫ్ట్‌వేర్ సోదరులు కూడా వినొచ్చు.

ముందు నా అర్హత చెప్పుకోవాలి కదా. పెద్దగా ఏమీ లేదు :-) మాది పుంగనూరు. ఊరి పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది పొట్టి ఆవు, ఆ తర్వాత ఇంకేమీ గుర్తు రాదు. మాకు తెలిసిన గోల్ఫ్ బిళ్ళంగోడే. ఇంటర్ మదనపల్లెలో, ఇంజినీరింగ్ కుప్పంలో, ఉద్యోగం బెంగుళూరులో. ఒకసారి విదేశం నుంచి క్లయింటు వస్తే మేనేజరు మమ్మల్నందరినీ రేంజికి తీసుకుపోయాడు. నా మొదటి దెబ్బకి బంతి కదల్లేదు, రెండోది కదల్లేదు, మూడోది ఎందుకో గానీ టప్‌మని లేచి నూట యాభై గజాలు పోయింది. ఆ మూడో దెబ్బే కొంప ముంచింది. ఇప్పటికీ నా స్కోరు మదనపల్లె మార్కెట్‌లో టమోటా ధర లాంటిది. పొద్దునకీ సాయంత్రానికీ పొంతన ఉండదు. కానీ నడుము విరగ్గొట్టుకునే విద్యలో మాత్రం అనుభవజ్ఞుణ్ణి.

ఆఫీసు టోర్నమెంటు మూడు వారాలుందనగా రోజుకి మూడు వందల బంతుల లెక్కన మొదలెట్టాను. బకెట్ తర్వాత బకెట్. బంతి కుడికి పోతోంది, కాబట్టి ఎడమకి గురిపెట్టాను. ఇంకా ఎక్కువ కుడికి తిరిగింది. ఇంకాస్త ఎడమకి గురిపెట్టాను. పదిహేనో రోజు సాయంత్రం బంతి కోసం వంగితే మళ్ళీ లేవలేకపోయాను. డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఎముకకేం కాలేదు, కండరం పట్టేసింది, ఆరు వారాలు కట్టె ముట్టుకోవద్దు" అన్నాడు. గోల్ఫ్ ఆడేవాళ్ళకి ఎక్కువగా దెబ్బతినేవాటిలో నడుమూ మోచెయ్యీ ముందుంటాయని అప్పుడే తెలిసింది. అడుగులోపు దూరంలో ఉన్న నీళ్ళ చెంబు అందుకోవడానికి అమ్మని పిలవాల్సి వచ్చింది. ఇరవై ఏడేళ్ళ వయసులో.

ఎడమకి గురిపెట్టడం ఎందుకు పనిచెయ్యలేదో ఆ మంచంలో పడుకుని చదివాను. బంతికీ కట్టె ముఖానికీ తాకిడి ఉండేది సుమారు అర మిల్లీసెకను. ఆ క్షణంలో ముఖం ఎటు చూస్తోందో దాదాపు అటే బంతి బయల్దేరుతుంది. ఆ తర్వాత ఎటు వంగుతుందనేది, కట్టె వచ్చిన దారికీ ముఖానికీ మధ్య ఉన్న తేడాని బట్టి ఉంటుంది. చాలాకాలం పాఠాల్లో దీన్ని తిరగేసి చెప్పేవాళ్ళు, బంతి బయల్దేరేది కట్టె దారిలోనే అని. 2003లో డెన్మార్క్‌లో మొదలైన ట్రాక్‌మ్యాన్ లాంటి రాడార్ యంత్రాలొచ్చాక ఆ వాదన నిలవలేదు. ఇప్పుడు నా వైద్యం చూడండి. ముఖం తెరుచుకుని ఉండటం జబ్బు. నేను ఎడమకి తిరిగి నిలబడే కొద్దీ కట్టె ఇంకా ఎడమకి కోసుకుపోతుంది, ముఖానికీ దారికీ తేడా ఇంకా పెరుగుతుంది, బంతి ఇంకా వంగుతుంది. బగ్ ఎక్కడుందో చూడకుండా అవుట్‌పుట్‌లో రెండు కూడి ప్రొడక్షన్‌కి పంపినట్టు! ఆఫీసులో ఎవడైనా అట్లా చేస్తే రివ్యూలో ఉతికి ఆరేస్తాం. రేంజిలో మాత్రం మూడు వందల సార్లు అదే పని చేసి, దానికి ప్రాక్టీసు అని పేరు పెట్టుకుంటాం.

నా గొడవంతా ఈ పేరు గురించే. బకెట్ కొట్టడం ప్రాక్టీసు కాదు. వ్యాయామం అనండి, కోపం తీర్చుకోవడం అనండి, ఒప్పుకుంటా. ఒకే కట్టె, ఒకే చదునైన చాప, ఏడు సెకన్లకొక బంతి, ఎదురుగా ఎక్కడ పడినా తప్పు కాని విశాలమైన మైదానం. ఆ చాప అయితే పచ్చి అబద్ధాల కోరు. కట్టె బంతికి రెండంగుళాల వెనక నేలకి తగిలినా చాప మీద జారి బంతిని బాగానే లేపుతుంది. అదే దెబ్బ నిజం గడ్డి మీద కొడితే మట్టి పెళ్ళ లేస్తుంది, బంతి కాళ్ళ ముందే కూర్చుంటుంది. పదివేల గంటలు చేస్తే ఎవడైనా మొనగాడవుతాడని 2008లో మాల్కం గ్లాడ్‌వెల్ పుస్తకం తర్వాత అందరి నోటా నానింది కదా. ఆ మాటకి ఆధారమైన 1993 నాటి వయొలిన్ విద్యార్థుల పరిశోధన చేసిన ఆండర్స్ ఎరిక్సన్ మాత్రం, నేను అట్లా అనలేదు మహాప్రభో అని తర్వాత ఎన్నోసార్లు మొత్తుకున్నాడు. ఆయన లెక్కించింది ఒట్టి గంటల్ని కాదు, తప్పు కనబడేలా, దాన్ని దిద్దుకునేలా చేసే సాధనని.

మా మామ ఒకాయన ఉండేవాడు. సజ్జ చేలో మంచె మీద నిలబడి ఒడిసెలతో పిట్టల్ని తోలేవాడు. మొన్నామధ్య ఆయన్ని తల్చుకుంటుంటే ఒక సంగతి తట్టింది. ఆయన ఒకే చోటికి రెండు రాళ్ళు వరసగా విసరగా నేను చూడలేదు. పిట్టలు ఒకే చోట వాలవు కదా! ఒకటి దగ్గరి గట్టు మీదికి, ఇంకోటి చేను చివరికి, మరోటి గాలికెదురుగా. ప్రతి రాయికీ కొత్త లెక్క. 1986లో గూడ్, మేగిల్ అనే ఇద్దరు బ్యాడ్మింటన్ సర్వీసు నేర్చుకునేవాళ్ళ మీద ఒక ప్రయోగం చేశారు. మూడు రకాల సర్వీసుల్ని కొందరు ఒకదాని తర్వాత ఒకటిగా వేరువేరుగా సాధన చేస్తే, కొందరు కలగలిపి చేశారు. తర్వాత పెట్టిన పరీక్షలో కలగలిపి చేసినవాళ్ళదే పైచెయ్యి. ఒకే దెబ్బ నూరుసార్లు కొడితే ఆ రోజుకి బ్రహ్మాండంగా వచ్చినట్టే ఉంటుంది. అదే మోసం.

ఆరు వారాలూ అయ్యాక, ఇంటి నుంచే పని కాబట్టి, ఇంకో నెల పుంగనూరులోనే ఉండిపోయాను. ఒక ఏడో నంబరు ఐరన్, పన్నెండు పాత బంతులు. మైదానం మా ఊరవతల ఎండిపోయిన చెరువు. (నిజం చెప్పాలంటే మొదట్లో సిగ్గేసింది. చుట్టుపక్కల వెయ్యి అడుగులు దించినా బోర్లలో నీళ్ళు రావట్లేదు, నేను చెరువులో బంతులు కొడుతున్నా. గోల్ఫ్ మైదానాలు తాగే నీళ్ళ గురించి ఇంకో టపా రాయాల్సిందే.) ఇసక మేట వేసిన చోటు చూసుకుని అమ్మ దగ్గర ముగ్గుపిండి అడుక్కుని ఒక గీత గీశాను. బంతిని గీత మీద పెట్టి కొడితే, కట్టె నేలని తాకిన గుర్తు గీతకి ముందు, అంటే గురి వైపు, పడాలి. ఐరన్ దెబ్బకి ముందు బంతి, తర్వాత నేల. అదీ సూత్రం. మొదటి రోజు ముప్పై దెబ్బల్లో ఇరవై రెండు గీతకి వెనకే పడ్డాయి. చాప మీద ఎనిమిది నెలలు కొట్టినా నాకు తెలియని నిజం అది.

చూడ్డానికొచ్చిన మా నాయన గట్టు మీద కూర్చుని కాసేపు చూసి అన్న మాట: "నువ్వు భూమిని కొడతా ఉండావా, బంతిని కొడతా ఉండావా?" ఎనిమిది నెలల్లో నాకు దొరికిన అతి చక్కటి కోచింగ్ అదే, అదీ ఉచితంగా.

తడిపిన ముగ్గుపిండి ఇంకో పనికి కూడా వచ్చింది. కట్టె ముఖానికి పల్చగా పూసి ఆరనిస్తే బంతి ఎక్కడ తగిలిందో గుండ్రటి మచ్చ పడుతుంది. నావి అన్నీ మడమ వైపే, అంటే కట్టె మెడకి దగ్గరగా. టమోటా తోటలో ఊతానికి పాతే కట్టెలు రెండు తెచ్చి, ఒకటి పాదాల ముందు, ఒకటి బంతి అవతల గురి వైపుకి పరిచాను. అప్పుడు గానీ నేను నిలబడటమే వంకర అని తెలియలేదు. ముఖం అయిదు డిగ్రీలు తప్పితే 130 గజాల దగ్గర బంతి పదకొండు గజాలు పక్కకి పోతుంది, వంపు లెక్కెయ్యకుండానే. బళ్ళో చదివిన త్రికోణమితితో తేలిపోయే లెక్క. ఏనాడూ వేసిన పాపాన పోలేదు.

ఇంకొక నియమం పెట్టుకున్నాను. రోజుకి ముప్పై బంతులే. ప్రతి బంతికీ గురి మారాలి. ఒకసారి తుమ్మచెట్టు, ఒకసారి తూము, ఒకసారి పరిచిన తువ్వాలు. కొట్టాక నడుచుకుంటూ పోయి బంతి తువ్వాలుకి ఎన్ని అడుగుల దూరంలో పడిందో నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఆ నడక వల్లే, మూడు వందల బంతుల కక్కుర్తి దానంతటదే చచ్చింది. మోచేతులు, మణికట్టు, భుజం అంటూ యూట్యూబులో విన్నవన్నీ కూడా వదిలేశాను. 1999లో వుల్ఫ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు గోల్ఫ్ కొత్తగా నేర్చుకునేవాళ్ళ మీదే చూశారు. చేతుల కదలిక మీద మనసు పెట్టినవాళ్ళకన్నా కట్టె ఊపు మీద మనసు పెట్టినవాళ్ళ గురి మెరుగ్గా ఉంది.

ఇక కుప్పం మిత్రుడి సంగతి. కాలేజీలో నా రూమ్మేటు. ఇప్పటికీ కుప్పం నుంచి రైల్లో బెంగుళూరు వచ్చి పోతుంటాడు. నాకన్నా పది స్ట్రోకులు బాగా ఆడతాడు. వాడి ప్రాక్టీసంతా ఇంటి వరండాలోనే. గచ్చు మీద ఒక చాప పరిచి, చివర స్టీలు గ్లాసు పడుకోబెట్టి మూడడుగుల నుంచి పుట్టింగు. వరసగా ఇరవై పడాలి, పంతొమ్మిదోది తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. అసలు రంధ్రం వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. గ్లాసు మూతి అందులో ముప్పాతిక కూడా ఉండదు. గ్లాసుకి అలవాటైన కంటికి రంధ్రం బావిలా కనిపిస్తుందంటాడు. బంగారుపేటలో రైలు మారితే కేజీఎఫ్. అక్కడ గనుల కాలంలో దొరలు గోల్ఫ్ ఆడేవాళ్ళు. నీళ్ళు తక్కువైన చోట్ల ఆ రోజుల్లో గ్రీన్ల బదులు ఇసకకి నూనె పట్టించి చదును చేసిన 'బ్రౌన్లు' ఉండేవి. కాబట్టి వరండా గచ్చుకేం తక్కువ అని వాడి వాదన. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి, వాడి వాదన మాత్రం మూతపడలేదు.

వాడికీ నాకూ గొడవొచ్చేది ఇంకో చోట. "పుట్టింగే సర్వం, మిగతాదంతా షో" అంటాడు. అదితి అశోక్‌ని చూడు అంటాడు. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టులో, మిగతావాళ్ళంత దూరం కొట్టలేకపోయినా పుట్టర్‌తో నెట్టుకొచ్చి నాలుగో స్థానంలో నిలిచింది, ఒక్క స్ట్రోకు తేడాలో పతకం పోయింది. నిజమే. కానీ కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ లక్షల దెబ్బల డేటా తీసి 2014లో ఒక పుస్తకం రాశాడు. బాగా ఆడేవాడికీ మామూలుగా ఆడేవాడికీ స్కోరులో తేడా మూడింట రెండు వంతులు వచ్చేది 100 గజాల అవతలి దెబ్బల నుంచేనట. పీజీఏ టూర్ మహామహులే ఎనిమిది అడుగుల పుట్‌లు సగమే వేస్తారు. అంటే నేను రెండో దెబ్బకే బంతిని పొదల్లో పెడితే ఎంత గొప్ప పుట్టరూ నన్ను కాపాడదు. ఇది చెబితే వాడు, "సరే, ముందు నువ్వు మూడడుగులది వెయ్యి" అంటాడు. అక్కడ నా నోరు మూతపడుతుంది.

నడుము పట్టేసినోడికి పుట్టింగు ఒక్కటే గతి కాబట్టి, ఆ ఆరు వారాల్లో ఆఖరి రెండూ వాడి పద్ధతే చేశాను. ఇప్పుడు బెంగుళూరు ఫ్లాట్‌లో కూడా రాత్రి భోజనం అయ్యాక పావుగంట అదే. రేంజికి శనివారం మాత్రం పోతాను. చిన్న బకెట్ తీసుకుంటాను, అందులోనూ సగం పక్కవాడికి ఇచ్చేస్తాను. పక్కవాడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తాడు.

పుంగనూరులో నోటు పుస్తకం మొదలెట్టిన వారం ముప్పైలో ఆరు బంతులు తువ్వాలుకి ముప్పై అడుగుల లోపల పడ్డాయి. పోయిన నెల ఊరెళ్ళినప్పుడు పదమూడు. రెండేళ్ళకి ఏడు బంతులు పెరిగాయి అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా నాయన మాత్రం నవ్వలేదు, "గీతకి ముందరే తగల్తాంది ఇప్పుడు" అన్నాడు.

మదనపల్లె తమ్ముడికి నిన్న ఫోన్ చేశాను. ఈ శనివారం నాతో రా, ముప్పై బంతులే, ముగ్గుపిండి నేను తెస్తా అని చెప్పాను. వస్తానన్నాడు. "అన్నా, డ్రైవర్ తెచ్చుకోవచ్చా?" అని అడిగాడు. వద్దన్నాను. కాసేపు ఆగి, "కారులో పెట్టుకుంటాలే అన్నా, బయటికి తియ్యను" అన్నాడు.