సత్యం ఎందుకు మూతపడలేదు?

సేవల కంపెనీలు ఆపత్కాలం కోసం వేసుకునే ప్రణాళికల్లో వరదలుంటాయి, సర్వర్లుంటాయి, వేరే ఊళ్లో బ్యాకప్ కేంద్రముంటుంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ మీద పడిన పిడుగుకు ఇవేవీ పనికొచ్చేవి కావు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఛైర్మన్ రామలింగరాజే లేఖ రాశారు. అయినా సుమారు 53 వేలమంది ఉద్యోగులున్న ఆ కంపెనీలో పని ఆగలేదు.

కారణం ఆ లేఖలోనే దొరుకుతుంది. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు అని ప్రకటించారు. నిజానికి వచ్చింది 2,112 కోట్లు, మిగిలింది 61 కోట్లు. లాభం బూటకమే గానీ పని బూటకం కాదు. తమ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్లతరబడి చూసుకుంటున్న బృందాన్ని రాత్రికి రాత్రి మార్చేయడం ఏ క్లయింటుకైనా కష్టమే. కొత్తవాళ్లకు నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్‌కే నెలలు పడుతుంది. కొందరు క్లయింట్లు వెళ్లిపోయారు, ఎక్కువమంది వేచిచూశారు.

ఆ బృందాలు చెదిరిపోతే మాత్రం ఇక చెప్పేదేముంది? కాబట్టి అన్నిటికన్నా ముందు జీతాలు పడాలి. లేఖలోని అంకెల ప్రకారమే నెల ఖర్చు 680 కోట్ల పైమాట. తర్వాత బ్యాంకులు ఇచ్చిన అప్పు 600 కోట్లు, అంటే నెలకైనా చాలదు. కంపెనీ ఊపిరి నిలిపింది ప్రధానంగా క్లయింట్లు కట్టిన బిల్లులే.

వాళ్లు కట్టడానికి ధైర్యమిచ్చింది ప్రభుత్వం. ఖజానా తెరవలేదు, రెండు రోజుల్లో పాత బోర్డును తప్పించి, ఆపై కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, అచ్యుతన్ వంటి పరువున్నవాళ్లను కూర్చోబెట్టింది. ఫిబ్రవరిలో సీఈఓగా బయటివారిని కాక, సంస్థలోనే ఏళ్లు పనిచేసిన ఏ.ఎస్. మూర్తిని నియమించారు. ఏప్రిల్ 13న షేరుకు 58 రూపాయల చొప్పున టెక్ మహీంద్రా వేలం గెలిచింది. పరిష్కారం ఏడాది సాగి ఉంటే క్లయింట్ల ఓపిక నిలిచేదని నేననుకోను.

రాజు కుటుంబం 2005లో మొదలుపెట్టిన 108 అంబులెన్సులదీ ఇంచుమించు ఇదే కథ. అక్కడ బిల్లు కట్టే క్లయింటు ప్రభుత్వం. నిర్వహణ ఖర్చులో సింహభాగం దానిదే కావడంతో, యాజమాన్యం జీవీకే చేతికి మారినా బండ్లు ఆగలేదు.

సత్యానికి కాలం కూడా కలిసొచ్చింది, ఉద్యోగులకు కాదు. అమెరికా మాంద్యం వల్ల బయట కొత్త కొలువులు లేవు. ఐటీ జోరుమీదున్న 2006లో ఇదే జరిగి ఉంటే మంచి ఇంజినీర్లను పోటీ కంపెనీలు నెలలోపే ఎగరేసుకుపోయేవి. కదలలేక ఉండిపోయినవారిలో వేలమందిని కొత్త యాజమాన్యం ఆ వేసవిలోనే ‘వర్చువల్ పూల్’ పేరిట తగ్గించిన జీతంతో ఇంటికి పంపింది. కంపెనీని నిలబెట్టిన లెక్కలో ఆ కోత కూడా ఒక పద్దే.