పదిహేనుకీ యాభైకీ మధ్య

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఆదివారం ఆలస్యంగా తెల్లవారుతుంది. రాత్రి రెండింటిదాకా కరెంట్ అఫైర్స్ నోట్సు రాసుకున్న కుర్రకారు పది దాటాక గానీ టీ కొట్ల దగ్గర కనిపించరు. పదమూడేళ్ల కిందట, పొలిటికల్ సైన్స్‌లో పీజీ పూర్తిచేసి సివిల్స్ కలతో ఢిల్లీ వచ్చినప్పుడు, నేనూ ఆ గుంపులో ఉన్నదాన్నే. రెండు ప్రయత్నాల తర్వాత కల చెదిరింది కానీ అద్దెకున్న ఇంటితో అనుబంధం మాత్రం మిగిలింది. ఇటీవల ఒక ఆదివారం పొద్దున్నే ఆ ఇంటికి వెళ్లేసరికి గేటు లోపల సుత్తి చప్పుడు. డెబ్బై ఆరేళ్ల ఇంటాయన బోర్లించిన బకెట్ మీద కూర్చున్నారు. ఎదురుగా ముందు చక్రం విప్పేసిన తెల్ల అంబాసిడర్, దాని కింద సగం దూరిన మెకానిక్.

"సరైన వేళకొచ్చావు బేటా, కాస్త టార్చి పట్టుకో" అన్నారాయన, కుశల ప్రశ్నలేవీ లేకుండా.

ఆ కారును వాళ్ల నాన్నగారు 1978లో కొన్నారు. దేశ విభజనప్పుడు పశ్చిమ పంజాబ్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకొచ్చి, శరణార్థుల కాలనీగా మొదలైన ఈ పేటలో నిలదొక్కుకున్న కుటుంబం వాళ్లది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి వరుసలో ఉంటే గానీ కారు చేతికిరాని రోజులవి. అంబాసిడర్ రాకతో నాన్న శరణార్థి కాకుండా పోయాడని అంకుల్‌జీ అప్పుడప్పుడూ అంటుంటారు.

ఇప్పుడు దాని జబ్బు చిన్నదే. ముందు సస్పెన్షన్ సీళ్లు అరిగిపోయాయి.

సస్పెన్షన్ అనగానే మనకు స్ప్రింగు గుర్తొస్తుంది. ఈ కారుకు ముందువైపు చుట్టల స్ప్రింగులుండవు. పొడవాటి ఉక్కు కడ్డీలుంటాయి. చక్రం గుంతలో పడితే కడ్డీ మెలితిరుగుతుంది, మెలిక విప్పుకుంటూ చక్రాన్ని మళ్లీ యథాస్థానానికి తెస్తుంది. టార్షన్ బార్ అనే ఈ పద్ధతి ఇంగ్లండ్‌లోని మోరిస్ కార్ల నుంచి వచ్చింది. 1956 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 నమూనాయే మన దగ్గర 1958లో అంబాసిడర్ అయింది. చక్రం పైకీ కిందికీ ఆడాలి, స్టీరింగ్ తిప్పినప్పుడు పక్కలకూ తిరగాలి. అందుకోసం మన మోకాలు, మోచేతుల్లాంటి కీళ్లుంటాయి. కీలులో గ్రీజు ఉంటుంది. ఆ గ్రీజు బయటికి పోకుండా, బయటి నీరూ దుమ్మూ లోపలికి రాకుండా ఒక రబ్బరు వలయం కాపలా కాస్తుంది. సీలు అంటే అదే. కారు మొత్తంలో చవకైన వస్తువుల్లో ఒకటి.

చవకే గానీ, అది పోతే పోయేది రబ్బరు ముక్క ఒక్కటే కాదు. సీలు చిరిగిన చోట గ్రీజు కొట్టుకుపోతుంది. ఇసుక చేరి సానరాయిలా పనిచేస్తుంది. తుప్పు పడుతుంది. ఇనుము ఇనుమును తినేస్తుంది. అంబాసిడర్‌కు చిన్నన్నలాంటి మోరిస్ మైనర్‌ను మన దేశంలో ఒకప్పుడు 'బేబీ హిందుస్థాన్' పేరుతో తయారుచేశారు. దాని ముందు చక్రాల కీళ్లు మరలాంటి చుట్లతో ఉంటాయి. గ్రీజు మరిచిపోతే ఆ మర అరిగి, ఒకరోజు పిన్ను ఊడి, చక్రం కారు కిందికి మడతపడుతుంది. పాత కార్ల ప్రియులు ఈ పరిణామానికి బాగా భయపడతారు.

ఈ కారు సీళ్లకు అసలు గాయం 2024 వర్షాకాలంలో తగిలిందని అంకుల్‌జీ నమ్మకం. ఆ జులై 27 సాయంత్రం పేటంతా చెరువైంది. గేటు లోపలికి వచ్చిన నీరు చక్రాల ఇరుసుల దాకా నిలబడింది. అదే సాయంత్రం, ఇక్కడికి కూతవేటు దూరంలో, ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోని లైబ్రరీని వరద ముంచెత్తి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ మాట వచ్చినప్పుడు ఆయన కారు గురించి మాట్లాడటం ఆపేశారు. కాసేపటికి "కాలువలకూ ఎవరో ఒకరు గ్రీజు పెట్టాలి కదా" అని మాత్రం అన్నారు.

పని మొదలైంది. చక్రాన్ని పైకిలేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే కదులుతోంది. కదలిక చక్రం బేరింగుదా, కీలుదా? మెకానిక్ నన్ను లోపల కూర్చుని బ్రేకు తొక్కమన్నాడు. బ్రేకు తొక్కితే కదలిక ఆగిపోతే బేరింగు దోషం, ఆగకపోతే కీలు దోషం. ఆగలేదు. కారును జాకీ మీదే వదిలేయకుండా కింద గట్టి స్టాండ్లు పెట్టాడు. ఆ తర్వాత కింది ఆర్మ్ కింద ఇంకో జాకీ అమర్చాడు. మెలితిరిగి ఉన్న కడ్డీలో బోలెడంత బలం దాగి ఉంటుంది. ఆసరా ఇవ్వకుండా కీలు విప్పితే ఆ ఆర్మ్ విరుచుకుపడుతుంది. ఈ ఒక్క విషయం తెలియక చేతులు విరగ్గొట్టుకున్నవాళ్లను చూశానన్నాడు.

కీలు విప్పాక పాత సీలు బయటికొచ్చింది. బీటలువారి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. కిరోసిన్‌తో పిన్ను కడిగి, టార్చి వెలుగులో గోటితో గీరి చూశారు. పిన్నుకు గుంతలు పడితే కొత్త సీలు వేసినా వారం తిరగదు. పిన్ను బతికే ఉంది. కొత్త సీళ్లను కరోల్‌బాగ్ నాయీవాలా గల్లీలోని స్పేర్ పార్టుల కొట్ల చుట్టూ తిరిగి పట్టుకొచ్చారట. అందులోనూ ఒక మెలిక ఉంది. మామూలు సహజ రబ్బరుకు నూనె, గ్రీజు పడవు. తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. నైట్రైల్ రబ్బరుదైతేనే ఆగుతుంది. చూడ్డానికి రెండూ నల్లగానే ఉంటాయి. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. 2017లో ఆ పేరును కూడా ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో గ్రూపుకు రూ.80 కోట్లకు అమ్మేశారు. ఇక అసలైన విడిభాగాన్నీ నకలునూ వేరు చేయడం ఈ అరవై ఏళ్ల మెకానిక్ వేళ్లకు తెలిసిన విద్య. అది నేర్చుకోవడానికి ఆయన దగ్గర శిష్యులెవరూ లేరు.

సీలుకు కాస్త గ్రీజు రాసి, మెలిపడకుండా కూర్చోబెట్టి, గ్రీజు గన్‌తో కొత్త గ్రీజు అంచుల్లో కనిపించేదాకా కొట్టారు. రెండు చక్రాలకూ కలిపి నాలుగు గంటలు పట్టింది.

ఇంత చేస్తే ఈ కారు ఎక్కడికి వెళ్తుంది? ఎక్కడికీ వెళ్లదు. చట్టప్రకారం అది గేటు దాటకూడదు.

పదిహేనేళ్లు దాటిన వాహనాలు ఢిల్లీ రోడ్ల మీద తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014లో ఆదేశించింది. డీజిల్ బళ్లకు 2015లో పదేళ్ల గడువు పెట్టింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని బలపరిచింది. 2025 జులై 1 నుంచి ఇలాంటి బళ్లకు బంకుల్లో ఇంధనమే పోయకూడదన్నారు. జనం గగ్గోలు పెట్టడంతో ఆ నిర్ణయం కొద్ది రోజుల్లోనే ఆగింది. ఆ ఆగస్టులో వయసు కారణంగా యజమానులపై కఠిన చర్యలు వద్దని సుప్రీంకోర్టు అంది. డిసెంబరు 17న ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. 1978 నాటి కారుకు ఏ బీఎస్ నంబరూ లేదు. అది పుట్టేనాటికి మన దేశంలో పొగ ప్రమాణాలే లేవు.

ఇక రెండో చట్టం చూడండి. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పుల్లేని సొంత వాహనం 'వింటేజ్' అవుతుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000 ఫీజు, పదేళ్ల చెల్లుబాటు. రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు గానీ ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతుకూ రోడ్డెక్కవచ్చు.

అంటే పదిహేనేళ్లకు నేరస్థురాలైన కారు యాభయ్యో ఏట వారసత్వ సంపద అవుతుంది. మధ్యలో 35 ఏళ్లు అది ఏమిటన్నదానికి ఢిల్లీలో జవాబు లేదు. తుక్కుకు ఇచ్చేయవచ్చు, ఎన్‌ఓసీ తీసుకుని వేరే రాష్ట్రానికి పంపవచ్చు, లేదా సొంత ఆవరణలో దాచుకోవచ్చు. మన హైదరాబాద్‌లోనైతే పదిహేనేళ్లు దాటినా ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. పోనీ అక్కడికి పంపేయండని నేనంటే, "నాన్న ఒకసారి ఊరు వదిలి వచ్చాడు, చాలదా?" అని నవ్వేశారు.

కోర్టుల ఆందోళనలో తప్పులేదు. శీతాకాలంలో ఢిల్లీ గాలి పీల్చినవాళ్లెవరూ ఆ మాట అనరు. పాత కార్బురేటర్ కారు కిలోమీటరుకు వదిలే విషం, నేటి బీఎస్-6 కారు వదిలేదానికి ఎన్నో రెట్లు. ఇలాంటి బళ్లు రోజూ ఆఫీసులకు తిరగాలని ఎవరూ కోరడం లేదు. నా అభ్యంతరం కొలబద్ద మీద. వయసు లెక్కపెట్టడం తేలిక, కాగితం చూస్తే చాలు. స్థితిని లెక్కపెట్టాలంటే చక్రం ఎత్తి ఊపి చూడాలి. దానికి మనుషులు, పరికరాలు, నిజాయితీ కావాలి. మన యంత్రాంగం మొదటిదాన్నే ఎంచుకుంటుంది. పదకొండేళ్లకే సీళ్లు పోయి, బ్రేకులు అరిగి, పొగ కక్కుతున్న పెట్రోలు కారు నిశ్చింతగా తిరుగుతుంది. ఏడాదికి రెండొందల కిలోమీటర్లు, ఏటా తనిఖీ అన్న షరతుతో ఈ మధ్య వయసు కార్లకు ఒక తరగతి ఏర్పాటు చేస్తే గాలికి జరిగే నష్టం స్వల్పం. యాభై ఏళ్లు దాటాక గౌరవిస్తామంటున్న వస్తువును ఆ వయసు దాకా బతకనివ్వాలిగా. నడవని కారు చల్లగా ఉంటుందనుకోవడమూ పొరపాటే. రబ్బరు నిలబడే ఎండిపోతుంది. ఇవాళ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం రోల్స్‌రాయిస్ మెరుస్తోందంటే ఎవరో దాని ఒళ్లు బాగుచేసినందువల్లే.

మధ్యాహ్నానికి చక్రాలు బిగించి, స్టాండ్లు తీసేశారు. ముగ్గురం కలిసి కారును గేటు దాకా తోసి, మళ్లీ వెనక్కి తోశాం. స్టీరింగ్ తేలిగ్గా తిరిగింది. అంకుల్‌జీ లోపలికెళ్లి పాత డైరీ తెచ్చారు. ఆ రోజు తేదీ, మెకానిక్ కూలి, సీళ్ల ధర రాసుకున్నారు. కింద ఇంకో గీత గీసి 2028 అని రాశారు. ఆ ఏడాదికి కారుకు యాభై, ఆయనకు డెబ్బై ఎనిమిది.

"ఆర్నెల్లకోసారి గ్రీజు పెట్టాలి, నువ్వు గుర్తుచేయి" అని నా ఫోన్‌లో అలారం పెట్టించారు.