ఫ్లెక్సీలో నాయనమ్మ

మా నాయనమ్మ వయసెంతో మాకు తెలీదు. ఫ్లెక్సీ మీద 102 అని వేయించాం. ఆధార్ కార్డులో పుట్టినరోజు జనవరి 1, ఆ లెక్కన తొంభై ఆరు. సంఘం రిజిస్టరులో ఆమె బాప్తిస్మం తేదీ ఉంది గానీ పుట్టిన తేదీ లేదు. బాప్తిస్టులం కదా, మా దగ్గర పసిబిడ్డల పేర్లెక్కించరు, ఊహ తెలిసి తమంతట తాము నీళ్ళలో దిగినవాళ్ళవే రాస్తారు. నూటరెండు అంటే ఘనంగా ఉంటుందని చిన్నాన్న అన్నాడు. ఎవరం కాదనలేదు. ఆమె గురించి మేం చెప్పిన అబద్ధాల్లో అది చాలా చిన్నది.

ఆమె పోయాక పెట్టిన ఆదరణ కూడికలో ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకున్నారు. ప్రార్థనా వీరురాలన్నారు. ఈ కుటుంబానికి మూలస్తంభమన్నారు. అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం యూట్యూబులో లైవ్ పెట్టాం. మూడు కెమెరాలు. బతికుండగా ఆమె మాట్లాడిన పది నిమిషాలు ఏ ఒక్కరి ఫోన్‌లోనూ లేవు. ఈ సంగతి మాకు ఆ రోజే తెలిసింది. లైవ్ మొదట్లో ఆమె గొంతు వినిపిద్దామని అబ్బాయిలు వెతికితే, పండగలప్పుడు వెనక కూర్చుని ఉన్న ఫోటోలు దొరికాయి. అన్నిట్లో ఆమె చేతిలో ఎవరిదో ఒక పసిబిడ్డ ఉంది.

ఆమెతోపాటు ఏం పోగొట్టుకున్నామో చెప్పాలంటే గుండ్లకమ్మ ఏటి దాకా వెళ్ళాలి. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మా పల్లెలవాళ్ళకు పని పెట్టాడు. కూలికోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని, ఆ పని నడిచినంత కాలం ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. పని ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర ఏట్లో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముంచిన చేతులు దొరవి కావు, ఆరుగురు తెలుగు బోధకులవి. ఈ అంకె మా సంఘాల్లో పిల్లలకు కూడా కంఠస్థం. ప్రతి జూబిలీలో, ప్రతి కన్వెన్షన్‌లో దీన్ని వల్లిస్తాం.

నాయనమ్మ వాళ్ళ నాయనమ్మ ఆ ఏట్లో దిగింది. అంతకుముందు కాలువ దగ్గర మట్టి బుట్టలు మోసింది. చిన్నప్పుడు ఆ ముసలామె ఒళ్ళో పడుకుని ఇవన్నీ విన్నానని నాయనమ్మ చాలాసార్లు మొదలుపెట్టేది. 'మా జేజి చెప్పేది' అనగానే మాలో ఒకరు లేచి టీవీ సౌండు పెంచేవాళ్ళం. ఇంకొకరు 'ఎన్నిసార్లు చెప్తావ్ నాయనమ్మా' అనేవాళ్ళం. నిజానికి ఒక్కసారి కూడా చివరిదాకా వినలేదు. ఆ రోజు ఏట్లో నీళ్ళు ఎంత ఉన్నాయి, తడి చీరతో ఆడవాళ్ళు ఎక్కడ నిలబడ్డారు, పల్లెకు తిరిగివచ్చాక పెద్ద ఊరివాళ్ళు ఏమన్నారు, కూలికి పిలిచారా మానారా, ఇవన్నీ తెలిసిన గొలుసులో చివరి మనిషి మా వరండాలో మంచమ్మీద ఉంటే మేం సీరియల్ చూశాం.

క్లౌ తన జీవితకథ చెప్పి రాయించుకున్నాడు. ఆయన రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగపల్లెల పెద్దవాళ్ళ నోటి కథలు కూడబెట్టి 1899లో ఇంగ్లీషులో పుస్తకం వేసింది. ఆ పుస్తకంలో పరాయి చూపు ఉందని మాలో చదువుకున్నవాళ్ళం సెమినార్లలో విమర్శిస్తాం. విమర్శ సబబే కావచ్చు. కానీ ఆమె సముద్రం దాటి వచ్చి కూర్చుని విన్నది. మేం నట్టింట్లో ఉండి వినలేదు. ఇంకా వెనక్కి వెళితే, 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు ప్రార్థన కొండ మీద మిషనరీ జ్యూయెట్ దంపతులతోపాటు మోకరించినవాళ్ళలో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలున్నారు. మా కొండ పండగ ప్రసంగాల్లో జ్యూయెట్ దొర పేరు ఎన్నిసార్లు వస్తుందో, వాళ్ళ పేర్లు అన్నిసార్లు రావు. అంటే ఈ అలవాటు మా ఇంట్లో పుట్టింది కాదు. మేం దాన్ని శ్రద్ధగా పెంచాం, అంతే.

నాయనమ్మ పేరు నేనిక్కడ రాయడం లేదు. సిగ్గుతో చెప్తున్నా, కారణం మా కుల సర్టిఫికెట్లు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే షెడ్యూల్డ్ కులాల హోదా ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు లేదు. బాప్తిస్మం తీసుకున్న మా వాళ్ళకు మిగిలేది బీసీ-సి కోటా, ఒక్క శాతం. గుడి మారినంత మాత్రాన ఊరు మమ్మల్ని చూసే చూపు మారిందా అంటే, టీ కొట్టులో వేరే గ్లాసులు చూసిన మా నాన్న తరాన్ని అడగండి. చట్టం అన్యాయంగానే ఉంది. ఆ మాట బయట అనాల్సింది, వీధిలో అనాల్సింది. మేం అనలేదు. కాగితాల్లో హిందువులమై, ఆదివారం క్రైస్తవులమై సర్దుకున్నాం. ఆ సర్దుబాటు ఖర్చు నాయనమ్మ చేత కట్టించాం.

ఎంక్వయిరీకి మనిషి వస్తున్నాడని తెలిస్తే గోడ మీది వాక్యం పటాలు దించేవాళ్ళం. ఆమె బైబిలు బియ్యం డబ్బాలోకి వెళ్ళేది. ఆమెను పెరటివైపు గదిలోకి పంపేవాళ్ళం, ఎందుకంటే అడిగితే ఆమె అబద్ధం చెప్పదని మా అందరికీ తెలుసు. ఇంట్లో ఒక మనిషి నిజం చెప్తుందని భయపడి, ఆమెను దాచి, ఆ తర్వాత ఆమె సాక్ష్యజీవితం గురించి మైకుల్లో ఊదరగొట్టిన కుటుంబం మాది. ఆ సర్టిఫికెట్లతోనే మాలో టీచర్లు, నర్సులు, ఒక ఇంజనీరు తయారయ్యారు. పొట్ట గడవాలి కదా అనొచ్చు. గడిచాక కూడా గోడ మీద పటాలు తిరిగి పెట్టలేదు. దానికి మాత్రం ఏ ఉత్తర్వునూ తప్పుపట్టలేను.

పొట్ట అంటే గుర్తొచ్చింది. అన్నానికి బియ్యం కొలిచి పోసిన ప్రతిసారీ నాయనమ్మ అందులోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ పిడికెడు బియ్యం మందిరానికి వెళ్ళేది. పల్లెలో ఆడవాళ్ళందరూ అంతే. పాస్టరుగారి ఇంట్లో పొయ్యి రాజిందంటే చాలాకాలం ఆ పిడికెళ్ళతోనే. అమెరికా డబ్బుతో సంఘాలు నడిచాయని బయటివాళ్ళు అంటే మాకు పౌరుషం వస్తుంది. ఆ పౌరుషంలో కూడా ఈ కుండ మాకు గుర్తుకు రాదు. ఆమె వాటాకు ఎప్పుడూ అడుగు మాడిన అన్నమే మిగిలేదని మా మేనత్త ఆమె పోయాక చెప్పింది. మగవాళ్ళం ఎవరం చూడలేదు, మేం ముందు తిని లేచేవాళ్ళం.

బాప్తిస్టులకు బిషప్పులు లేరు. సంఘమే పాస్టరును పిలుచుకుంటుంది, సంఘమే లెక్కలు చూసుకుంటుంది, సభ్యులందరికీ తలా ఒక ఓటు. మిగతా మిషన్లవాళ్ళ ముందు మేం గొప్పగా చెప్పుకునేది ఇదే. మా మందిరంలో ఆ సంఘ కూడిక ఆరాధన అయ్యాక, ప్రేమ విందు వంటలు మొదలయ్యే వేళకు పెడతారు. ఆడవాళ్ళు గాడిపొయ్యిల దగ్గర ఉంటారు. లోపల చేతులెత్తేది మగవాళ్ళు. ఎవరూ ఆడవాళ్ళను రావద్దనలేదు. అనాల్సిన అవసరం రాకుండా వేళ చూసుకున్నాం.

ఒక్కసారి నాయనమ్మ గరిటె పక్కన పెట్టి లోపలికి వచ్చింది. రోడ్డు వైపు మందిరం స్థలంలో కొంత షాపులకు లీజుకిచ్చే సంగతి నడుస్తోంది. వెనక నిలబడి, ఆ అద్దె ఎవరి చేతికి వస్తుంది నాయనా, అని అడిగింది. అమ్మా, మీరు ప్రార్థన చెయ్యండి, ఇవన్నీ మేం చూసుకుంటాం, అన్నారు ఒక పెద్దాయన. నవ్వుతూనే అన్నారు. ఆ పెద్దల వరసలో మా నాన్న ఉన్నాడు, రెండు వరసల వెనక నేనున్నాను. ఆమె మాట మినిట్స్ పుస్తకంలో ఎక్కలేదు. తర్వాత ఆ షాపుల మీద మాలో మేం రెండు వర్గాలై కోర్టుకెక్కాం. ఆమె అడిగిన ప్రశ్ననే ఇప్పుడు ఇరువైపులా వకీళ్ళు ఫీజు తీసుకుని అడుగుతున్నారు.

చూపు తగ్గాక ఆమె మమ్మల్ని కోరింది రెండే. రోజుకొక అధ్యాయం చదివి వినిపించమని, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో తనకిష్టమైనవి పాడమని. పాటలన్నీ ఆమెకు నంబర్లతో సహా నోటికొచ్చు. పిల్లలకు కీబోర్డు మీద పాడే కొత్త పాటలే వచ్చు. ఆడియో బైబిలు ప్లేయర్ ఒకటి కొనిచ్చి ఆ పని తీరిందనుకున్నాం. అది ఎక్కడ నొక్కాలో ఆమెకు తెలియదు, నొక్కి పెట్టే తీరిక మాకు లేదు. లక్షణమైన గ్రానైటు సమాధికి మాత్రం తలా ఇంత వేసుకున్నాం, ఎవరు తక్కువ వేశారన్న దానిమీద ఇంకా మాటలు నడుస్తున్నాయి.

మొన్నటి సంఘ కూడికలో మా మేనత్త చెయ్యెత్తింది. కూడిక వేళ మార్చాలని, లేదా ఆ రోజు వంట మగవాళ్ళు చూసుకోవాలని అడిగింది. అంతమందికి వంట అంటే మాటలా అమ్మా అని ఒక డీకన్‌గారన్నారు. ఆయన నాయనమ్మ పోయిననాడు అందరికంటే ఎక్కువ ఏడ్చిన మనిషి. మా కుటుంబం మగవాళ్ళం ఆ రోజు ఏడుగురం ఉన్నాం. బలపరిచేవాళ్ళున్నారా అని ఛైర్మన్‌గారు రెండుసార్లు అడిగారు. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. బలపరిచేవాళ్ళు లేనందున తీర్మానం చర్చకు రాలేదని మినిట్స్‌లో రాసుకున్నారు. చదివి వినిపిస్తే ఆమోదిస్తూ చేతులెత్తాం.